దొంగల కులం అన్న పేరు, మా మామ్మ చెప్పిన కట్టుబాటు

ఇది కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చివరిదాకా చదవండి. గ్రూపులో కోయ, కొండరెడ్డి, యానాది, లంబాడీ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి మా ఎరుకల వాళ్ల సంగతి మొదటి నుంచీ చెప్తాం.

మాది భీమడోలు దగ్గర. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది మా హాస్టల్లో ఒక ఫోను పోయింది. ఎరుకల పిల్లలం ముగ్గురం ఒకే రూములో ఉంటాం. ఎవరూ మా కులం పేరెత్తలేదు. కానీ అందరి పెట్టెలూ వెతకాలి అన్నప్పుడు ముందు తెరిపించింది మా పెట్టెలే. రెండు రోజులకి ఆ ఫోను పోగొట్టుకున్న కుర్రాడి పరుపు కిందే దొరికింది. ఒక్కరూ సారీ అనలేదు. మేం కూడా ఒక్క మాట అడగలేదు.

సెలవులకి ఇంటికెళ్లి మామ్మకి చెప్తే, "నోరు మూసుకుని మంచి పని చేశార్రా. మన కట్టుబాటే అది" అంది. ఆ మాట మమ్మల్ని వదల్లేదు. తప్పు చెయ్యకపోయినా నోరు మూసుకోవడం మనకి కట్టుబాటు ఎందుకైంది? అది తెలుసుకుందామని చదివిందీ, మామ్మని కూచోబెట్టి అడిగిందీ కలిపి రాస్తున్నాం.

మన పేర్లలోనే మన పాత పనులున్నాయి. ఎరుక చెప్పేవాళ్లు కాబట్టి ఎరుకల. వెదురు దబ్బలతో బుట్టలు అల్లితే దబ్బ ఎరుకల, ఈతపుల్లలతో అల్లితే ఈతపుల్లల ఎరుకల, ఉప్పు అమ్మితే ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మితే కరివేపాకు ఎరుకల. ఈ పేర్లలో ఎక్కడా దొంగతనం లేదు, గమనించండి. ఉప్పు ఎరుకల వాళ్లు సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లేవాళ్లు. అక్కడ ధాన్యం మార్చుకుని వచ్చేవాళ్లు. రోడ్లు లేని ఊళ్లకి వాళ్లే సరుకు బండి.

ఆ బతుకు ఎలా పోయిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. బ్రిటిష్ వాళ్లు ఉప్పుని తమ చేతుల్లోకి తీసుకుని పన్ను వేశారు. రైళ్లు వచ్చాయి. గాడిద మీద పది రోజులు మోసే సరుకుని రైలు ఒక్క రోజులో దింపేసింది. మన భీమడోలు స్టేషను మీదుగా పోయే లైను కూడా 1890లలో వేసిందే. రోజూ అదే రైలెక్కి ఏలూరు వెళ్తాం. అది మన తాతల వ్యాపారం మీదుగా వేసిన పట్టా అని ఎప్పుడూ అనుకోలేదు. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చి వెదురుకీ అడ్డు పడింది. మధ్యలో 1876-78 కరువు. పని పోయి, తిండి లేక, ఊరూరా తిరిగే జనం పోలీసులకి అనుమానంగా కనపడ్డారు. వాళ్లలో కొందరు దొంగతనాలు చేశారు కూడా. అది దాచాల్సిన పని లేదు. కానీ కొందరు చేసిన దానికి పుట్టబోయే పిల్లల దాకా శిక్ష వేశారు, అసలు అన్యాయం అక్కడుంది.

నేరస్థ జాతుల చట్టం 1871లో ముందు ఉత్తరాదిన వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మన మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. 1924లో అన్నీ కలిపి మళ్లీ ఒకటి చేశారు. ఒక కులాన్ని నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు. అది తప్పు అని కోర్టులో అడగడానికి వీల్లేదు. పేర్లు రాసుకుంటారు, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకి వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా సర్కారుకి ఇచ్చారు. ఇదంతా ఒక మనిషి ఏదో చేశాడని కాదు, ఫలానా ఇంట్లో పుట్టాడని.

ఇక్కడి నుంచి మా ఇంటి కథ. మా మామ్మ పుట్టింది బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో. పెళ్లై మన వైపు వచ్చింది. 1913-14 కాలంలో సర్కారు మనవాళ్లని తెచ్చి అక్కడ సెటిల్మెంటు పెట్టింది, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరికి పెట్టారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపారు. చదువు వచ్చిందన్నది నిజం. కంచె లేని జైలన్నదీ నిజమే. మామ్మ పుట్టేసరికి చట్టం పోయింది కానీ వాళ్ల నాయన అందులోనే పెరిగాడు. ముసలితనంలో కూడా రాత్రిపూట ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేచి నిలబడేవాడట, హాజరు అనుకుని.

ఇప్పుడు కట్టుబాటు సంగతి. వాళ్ల నాయన నేర్పిన నాలుగు మాటలు మామ్మ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఉప్పు తిన్న ఇంటి మీద చెయ్యి వెయ్యకూడదు. పట్టుబడితే తోటివాడి పేరు చెప్పకూడదు, ఎముకలు విరిగినా సరే. జైలుకెళ్లినవాడి పెళ్లానికీ పిల్లలకీ వాటా వెళ్లాలి, వాళ్లు పస్తుంటే అందరికీ పాపం. బయట ఎలా ఉన్నా కులపంచాయితీలో అబద్ధమాడకూడదు.

వింటుంటే మాకూ ఒళ్లు పులకరించింది. కానీ మామ్మ అక్కడ ఆగలేదు. మాట తప్పినవాడికి తప్పు కట్టించేవాళ్లు, లేదా వెలివేసేవాళ్లు. వెలి అంటే నిప్పు, నీళ్లు, పిల్ల ఇవ్వడం పుచ్చుకోవడం అన్నీ బంద్. పాతకాలంలో అనుమానం వస్తే మరిగే నూనెలో చెయ్యి పెట్టమనేవాళ్లు, కాల్చిన ఇనుము పట్టుకోమనేవాళ్లు. చెయ్యి కాలకపోతే నిర్దోషి. మరి కాలని చెయ్యి ఎక్కడుంటుంది? మగవాడు పారిపోతే పోలీసులు ఆడదాన్ని పట్టుకెళ్లేవాళ్లు. చెప్తే కులం వెలేస్తుంది, చెప్పకపోతే స్టేషన్లో దెబ్బలు. "పరువు మగాళ్లది, దెబ్బలు మాయి" అంది మామ్మ.

మాకు అర్థమైంది ఇది. పంచాయితీ, వెలి చట్టం కంటే పాతవే, చాలా కులాల్లో ఉన్నవే. పేరు చెప్పకూడదన్న మాట మాత్రం ఆ చట్టం నీడలోనే అంత బిగుసుకుంది. ఒకడు నోరు విప్పితే ఒక్కడు కాదు, గూడెం మొత్తం పోయేది. అందుకే నోరు మూసుకోవడమే పరువు అయింది. కోర్టు తలుపులు మూసేస్తే మనిషికి తన కులపెద్దే కోర్టు అవుతాడు. చట్టం మనల్ని పుట్టుకతో ఒక్కటిగా కట్టేసింది, మనవాళ్లు ఆ కట్టునే పట్టుకుని బతికారు. జైలువాడి ఇంటికి అన్నం పంపడం అందులో మంచి. ఆడవాళ్ల నోరు కుట్టెయ్యడం అందులో చెడు. రెండూ ఒకే తాడు.

చట్టం ఊరికే పోలేదు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ దాన్ని రాక్షస చట్టమని తిట్టారు. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని రద్దు కోసం పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఆ రోజునే విముక్త దినం అంటున్నాం. కానీ వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. రాతలో కులం పేరు పోయింది, పోలీసు కళ్లల్లో మాత్రం ఉండిపోయింది. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురం వెళ్లి, దొంగతనం మానేసిన వాళ్లకి బతుకుతెరువు చూపించే పని చేశారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులవివక్ష చెల్లదని చెప్పింది. విముక్త జాతులకి అలవాటు నేరస్థులన్న ముద్ర వెయ్యడాన్నీ తప్పుబట్టింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకి.

ఇక సినిమాలు. 1991లో స్టూవర్టుపురం పేరు మీదే రెండు సినిమాలొచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఆ టీజర్లో ఊరి గురించి అన్న మాటల మీద కేసు హైకోర్టు దాకా వెళ్లింది. మన కుర్రాళ్లు కొందరు మాత్రం ఆ డైలాగులు స్టేటస్ పెట్టుకున్నారు. తమ్ముళ్లూ, కోపం లేదు. అందరూ తల దించుకోమన్నప్పుడు ఒక్కడు తలెత్తితే మనకీ ఛాతీ పొంగుతుంది. మాకూ పొంగింది. కానీ ఊరికి ఒక్క దొంగ పేరే గుర్తుంటే, గాడిద మీద ఉప్పు మోసినవాళ్లు ఏమైపోయారు? ఇప్పుడు చేపల చెరువుల దగ్గర ప్లాస్టిక్ ట్రేలు వచ్చి, అల్లిన గంప కొనేవాడు లేక చెయ్యి ఖాళీ అయిన మన అమ్మలు ఏమైపోయారు? వాళ్ల మీద ఎవరూ సినిమా తియ్యరు.

మామ్మతో చివరికి ఒక మాట అన్నాం. "జైలువాడి ఇంటికి అన్నం పంపే కట్టుబాటు ఉంచుకుంటాం మామ్మా. నోరు మూసుకునేది మాత్రం వదిలేస్తాం." ఆవిడ చాలాసేపు గంప అల్లుతూనే ఉంది. తర్వాత, "మా నాయన పేరు కూడా రాయండి అయితే. హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా రాయలేదు ఆ పేరు" అంది. బయటి గ్రూపు కాబట్టి ఇక్కడ పెట్టడం లేదు. మా నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాం.

సెలవులైపోయి హాస్టలుకి తిరిగొచ్చాక, ఆ రోజు పెట్టెలు తెరిపించిన వాళ్ల దగ్గరికి ముగ్గురం కలిసి వెళ్లాం. ముందు మావే ఎందుకు తెరిపించారని అడిగాం, గొంతు పెంచకుండా. జవాబు రాలేదు. అయినా అడిగాం.

మీ ఇంట్లో ముసలివాళ్లుంటే ఈ సెలవుల్లో ఒక్కటి అడగండి, వాళ్ల నాయన ఏ పని చేసేవాడో. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ కింద రాయండి. మన పేరు ఇన్నాళ్లూ పోలీసులే రాశారు.

జై ఏకలవ్య.