మస్జిద్‌లో మైకు గట్టిగానే ఉంది, మరి మాట ఎందుకు తెలియట్లేదు?

జుమా బయాన్ అయ్యాక వెనక సఫ్‌లో కూర్చున్న పెద్దవాళ్లు తరచుగా అనే మాట ఒకటుంది: "ఆవాజ్ బాగానే వస్తోంది బేటా, ఏం చెప్పారో మాత్రం తెలియలేదు." కమిటీ వాళ్లు సౌండ్ చాలట్లేదనుకుని, చందా వసూలు చేసి ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ తెస్తారు. వచ్చే జుమాకీ అదే ఫిర్యాదు. ఎందుకంటే శబ్దం పెద్దదిగా ఉండటం వేరు, స్పష్టంగా ఉండటం వేరు.

శబ్దం అంటే గాలిలో కదలిక. గొంతు గానీ స్పీకర్ గానీ కంపిస్తే పక్కనున్న గాలి ఒత్తుకుని, వదులై, ఆ కదలిక అలలా ముందుకు పోతుంది. 20 డిగ్రీల వేడిలో దాని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్‌లు, దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. తక్కువైతే బొంగురు, ఎక్కువైతే కీచు. వయసులో ఉన్నవారి ఆరోగ్యమైన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు.

కంపనం బలాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. ఇది మామూలు కూడికల లెక్క కాదు. 10 డెసిబెల్ పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లవుతుంది, చెవికి మాత్రం సుమారు రెండింతలుగా తోస్తుంది. 100 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 200 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. అంత చందా పోసి కొన్నది ఈ కాస్త తేడానే!

ఇక మాట సంగతి. ఆ, ఊ, ఓ లాంటి అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, ష, ఫ, త లాంటి హల్లుల ఆనవాలు ఎక్కువగా 2,000 హెర్ట్జ్ పైన ఉంటుంది, అదీ చాలా బలహీనంగా. మౌలానా సబర్ అన్నారో ఖబర్ అన్నారో తేల్చేది ఆ మొదటి హల్లే. వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది కూడా పై ఫ్రీక్వెన్సీలనే. అందుకే పెద్దవాళ్లకు ఆవాజ్ వినిపిస్తుంది, మాట అందదు.

దానికి తోడు హాలు. పాలరాయి, టైల్స్, అద్దాలు, గుంబద్ శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించడం మనకు తెలిసిందే. ఒక్క చప్పట్లకు అది అద్భుతం. సెకనుకు నాలుగైదు అక్షరాలు పలికే బయాన్‌కు మాత్రం గట్టి గోడలు ఆపదే, ముందు అక్షరం మోత తగ్గకముందే తర్వాతిది వచ్చి పడుతుంది. 1895లో హార్వర్డ్‌లో ఇలాంటి చిక్కే వచ్చింది. ఒక లెక్చర్ హాలులో మాట 5 సెకన్లకు పైగా మోగేది. వాలెస్ సబైన్ అనే ఆచార్యుడు సీట్ల మెత్తలు తెచ్చి పరుస్తూ, మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. హాలు ఎంత పెద్దదైతే మోత అంత ఎక్కువసేపు, పీల్చుకునే వస్తువులు పెరిగేకొద్దీ తక్కువసేపు ఉంటుందని ఆయన తేల్చాడు. ప్రసంగానికి సుమారు ఒక సెకను మోత మంచిది.

మన మస్జిద్‌లో కార్పెట్ ఉంటుంది కదా అనొచ్చు. పలుచని కార్పెట్ పై ఫ్రీక్వెన్సీలను పీలుస్తుంది, కింది మోతను వదిలేస్తుంది. మనుషులు కూడా శబ్దాన్ని పీలుస్తారు. అందుకే నిండిన జుమా కంటే నలుగురున్న ఫజర్‌లో మోత ఎక్కువ. చేయాల్సినవి పెద్ద ఖర్చువి కావు. ఆంప్లిఫయర్‌లో బేస్ తగ్గించాలి. ఎకో బటన్ అజాన్‌కు ఇంపుగా ఉంటుందేమో గానీ బయాన్‌కు ఆపేయాల్సిందే, సహజంగా ఉన్న మోత చాలదా? ఒక పెద్ద స్పీకర్‌కు బదులు స్తంభాలకు చిన్నవి నాలుగు పెట్టి, తక్కువ సౌండ్‌తో జనం వైపు తిప్పితే ఇంకా మంచిది. మైకు కీ మని కూస్తే, స్పీకర్ నుంచి వచ్చే ఆవాజ్‌ను అది మళ్లీ వింటోందని అర్థం. స్పీకర్లను మైకు కంటే ముందుకు జరిపి, మైకును నోటికి దగ్గరగా పెట్టాలి.

ఈద్గాహ్‌లో సమస్య వేరు. అక్కడ గోడలు లేవు, దూరం ఉంది. 100 మీటర్ల అవతలి హారన్ నుంచి తక్బీర్ చేరడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. పక్కనే ఇంకో హారన్ ఉంటే అదే తక్బీర్ రెండుసార్లు వినిపిస్తుంది. దగ్గరి హారన్‌ను ఆ మేరకు ఆలస్యం చేసే డిలే పరికరం దీనికి మందు. మైకులు లేని రోజుల్లో ముకబ్బిర్‌లు తక్బీర్‌ను వెనక సఫ్‌లకు అందించేవారు.

బయటి హారన్ల విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు గుర్తుంచుకోవాలి. నివాస ప్రాంతాల్లో శబ్ద స్థాయి పగలు 55, రాత్రి 45 డెసిబెల్ దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి.

బయాన్‌ను ఫోన్‌లో రికార్డు చేసేవాళ్లకు ఒక మాట. ఫోన్ ఆ అలను సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా దాస్తుంది. సీడీలో అయితే 44,100 సార్లు. పాత తరహా ఫోన్ కాల్‌లో 8,000 సార్లే, అందుకే కాల్‌లో స, ఫ తేడా తెలియదు. అంకెకు ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. ఫోన్‌ను స్పీకర్ ముందే పెడితే అల ఆ హద్దు దాటి, పై కొస తెగి, గరగరమంటుంది. తెగిన భాగం ఫైల్‌లో ఉండదు కాబట్టి తర్వాత సౌండ్ తగ్గించినా ఆ గరగర పోదు. స్పీకర్‌కు నాలుగు అడుగులు దూరంగా పెట్టి, ముందు ఒక నిమిషం రికార్డు చేసి వినండి.