విద్యుత్ మీటరు చరిత్ర – బిల్లు పెరుగుటకు కారణములు

వేసవి వచ్చినదనగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో ప్రతి వీథియందును ఒక మాట వినిపించుచుండును: "ఈ నెల కరెంటు బిల్లు ఇంత వచ్చిందేంది? మీటరు గిర్రున తిరుగుతాంది." మీటరు నిజముగా అట్లు పరుగెత్తునా? లేక పరుగు మరియొకచోట నున్నదా? లెక్క చూచుకొని సంసారము గడుపుకొను కుటుంబమునకు ఇది చిన్న ప్రశ్న కాదు. వాడిన దానికే వెల కట్టుచున్నామా లేదా యని తెలిసికొను హక్కు ప్రతి గృహస్థునకు ఉన్నది. సమాధానము దొరకవలెనన్నచో మీటరు పుట్టుకను, బిల్లు పుట్టుకను కొంత తెలిసికొనవలెను.

తక్కెడతో తూచిన విద్యుత్తు

1882 సెప్టెంబరు 4న థామస్ ఎడిసన్ న్యూయార్కు నగరమున పెర్ల్ వీథిలో విద్యుత్కేంద్రమును ప్రారంభించెను. బియ్యమును తూచవచ్చును, కిరసనాయిలును కొలవవచ్చును. కంటికి కనబడని విద్యుత్తును కొలుచుట యెట్లు? ఎడిసన్ రసాయన శాస్త్రమును ఆశ్రయించెను. జింకు సల్ఫేటు ద్రావణము గల పాత్రలో రెండు జింకు పలకలను ముంచి, ఇంటికి పోవు విద్యుత్తులో ఒక స్వల్ప భాగమును దాని గుండా పంపెను. విద్యుత్తు ప్రవహించిన కొలదియు ఒక పలకనుండి జింకు కరిగి రెండవ పలకపై చేరును. కంపెనీ మనిషి వచ్చి పలకలను తీసికొనిపోయి, తూచి, ఆ తూకమును బట్టి బిల్లు వ్రాయుచుండెను.

శాస్త్రము సరియైనదే. కాని ఇంటివారు చదువుకొనుటకు అందులో అంకె యేదియు లేదు. తక్కెడ పూర్తిగా కంపెనీ చేతిలో నుండెను. అనుమానమునకు ఇంతకంటె అనువైన చోటు వేరొకటి యుండునా?

తిరుగు పళ్ళెము

ఎడిసన్ మీటరు ఏకముఖ విద్యుత్తునకే పనికివచ్చును. ప్రత్యావర్తన విద్యుత్తు వ్యాపించిన కొలది క్రొత్త సాధనము కావలసివచ్చెను. 1885లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో ఫెరారిస్, ఒకదానికంటె మరొకటి కొంత వెనుకబడిన రెండు అయస్కాంత క్షేత్రముల మధ్య నుంచిన లోహపు వస్తువు తనంతట తిరుగునని చూపెను. ఈ సూత్రముపై ఆధారపడి 1889లో బుడాపెస్టు నగరములోని గాంజ్ కర్మాగారపు ఇంజనీరు ఒట్టో బ్లాతీ విద్యుత్ మీటరును నిర్మించెను. మన ఇండ్లలో చిరకాలము గోడనంటియున్న నల్లని మీటరు దాని సంతతియే.

అందులో రెండు తీగచుట్టలు కలవు. ఒకటి వోల్టేజిని, రెండవది ఇంట ప్రవహించు కరెంటును అనుసరించును. వీని మధ్య నున్న అల్యూమినియపు పళ్ళెము, రెంటి ప్రభావము వలన తిరుగును. ఒక శాశ్వత అయస్కాంతము దానిని వెనుకకు పట్టియుంచును. అందుచే పళ్ళెపు వేగము ఇంట వాడుకలో నున్న సామర్థ్యమునకు సరిగా అనుపాతములో ఉండును. ఏ దీపము వెలుగకున్నను పళ్ళెము మెల్లగా ప్రాకు దోషము కలుగవచ్చునని తయారీదారులకు తెలియును. దానిని ఆపుటకే అనేక మీటర్లలో పళ్ళెమునకు చిన్న రంధ్రములు చేసిరి. నేటి ఎలక్ట్రానిక్ మీటరులో పళ్ళెము లేదు. దానికి బదులు ఒక చిన్న ఎఱ్ఱదీపము మినుకుమినుకుమనుచుండును.

ఈ రెండును కొలుచునది యూనిట్లను. ఒక కిలోవాటు సామర్థ్యము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్. అనగా 36 లక్షల జౌళ్ళు. 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగినచో ఒక యూనిట్ ఖర్చగును.

చట్టము – మీటరు

1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టము, వాడకమును సరియైన మీటరుతో కొలవవలెనని చెప్పుటయే గాక, మీటరుపై తగవు వచ్చినచో విద్యుత్ ఇన్‌స్పెక్టరు నిర్ణయించునని కూడ విధించెను. తక్కెడ పై అమ్మకందారునకే కాక మూడవవానికి కూడ అధికారము కలిగినది. ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు 1959లో ఏర్పడెను. 1999లో ఆ బోర్డు విభజింపబడి, ధరలను నిర్ణయించుటకు విద్యుత్ నియంత్రణ మండలి వెలసెను. 2000లో పంపిణీ కంపెనీలు ఏర్పడెను. కడప జిల్లా తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ప్రాంత పంపిణీ కంపెనీ క్రిందికి వచ్చెను.

ఇక్కడ ఒక సందేహము కలుగుట సహజము. తెలుగులో లభించిన మొదటి శాసనములలో ఒకటి వెలసిన కలమల్ల గ్రామము వద్దనే రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. 1994లో మొదటి యూనిట్ పనిచేయసాగినది. 210 మెగావాట్లవి ఐదు, 600 మెగావాట్లది ఒకటి కలిసి దాని స్థాపిత సామర్థ్యము 1650 మెగావాట్లు అయినది. ప్రక్కనే పుట్టిన కరెంటు మనకు చౌక కాదేల? బావి ప్రక్కనున్నవానికి నీరు చౌక కావచ్చును గాని, విద్యుత్తు బావి నీరు కాదు. అన్ని కేంద్రముల ఉత్పత్తి ఒకే తీగల వలలో కలిసి రాష్ట్రమంతట పంచబడును. ధర కూడ రాష్ట్రమంతటికి కలిపియే నిర్ణయింపబడును. అందులో బొగ్గు వెల, బొగ్గును తెచ్చు రైలు బాడుగ, తీగలలో పోవు నష్టము అన్నియు చేరియుండును.

పులివెందుల పేరును ఈ చరిత్రలో చేరినది. అచటి శాసనసభ్యుడైన వై. ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మే 14న ముఖ్యమంత్రి పదవి స్వీకరించి, మొదటి సంతకమును వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చు దస్త్రముపై చేసెను. నాటినుండి పొలములోని పంపునకు ఒక న్యాయము, ఇంటిలోని పంపునకు ఒక న్యాయము ఏర్పడెను. పొలపు పంపు ఖర్చును ప్రభుత్వము సబ్సిడీగా భరించును. ఇంటి పంపు తిరిగిన ప్రతి నిమిషము మీటరుపై పడును.

మెట్ల లెక్క

బిల్లు అనుకొనని విధముగా పెరుగుటకు ముఖ్య కారణము ఇచటనే యున్నది. ధర సమతలము కాదు, మెట్లు మెట్లుగా నుండును. 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన గృహ వినియోగపు ధరలను చూడుడు: మొదటి 30 యూనిట్లకు యూనిట్టుకు రూ. 1.90, 31 నుండి 75 వరకు రూ. 3.00, 76 నుండి 125 వరకు రూ. 4.50, 126 నుండి 225 వరకు రూ. 6.00, 226 నుండి 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75.

ఒక ఇంటిలో మాఘమాసమున 120 యూనిట్లు ఖర్చయిన వనుకొందము. 57 + 135 + 202.50 కలిపి రూ. 394.50 అగును. వేసవిలో అదే ఇంట 300 యూనిట్లు ఖర్చయినచో 57 + 135 + 225 + 600 + 656.25 కలిపి రూ. 1673.25 అగును. యూనిట్లు రెండున్నర రెట్లు. సొమ్ము నాలుగు రెట్లకు పైబడినది. పరుగెత్తినది మీటరు కాదు, మెట్లు! ఇంటివారు "కొంచెమే ఎక్కువ వాడితిమి" అనుటయు అబద్ధము కాదు, మీటరును అబద్ధమాడలేదు.

దీనికి తోడు గడచిన కాలపు బాకీ కూడ వచ్చి చేరుచుండును. బొగ్గు, విద్యుత్ కొనుగోలు ఖర్చులు ముందు వేసిన అంచనాను మించినచో ఆ తేడాను తరువాత వసూలు చేయుదురు. 2023 ఏప్రిల్ వాడకముపై యూనిట్టుకు 40 పైసల చొప్పున జూన్ బిల్లులో చేర్చిరి. 2022–23 సంవత్సరపు అదనపు ఖర్చునకు 2024 అక్టోబరులో మండలి ఉత్తరు విచ్చెను. వసూలు ఆ డిసెంబరు నుండి మొదలయ్యెను. కనుక ఈ నెల పొదుపుగా వాడినను బిల్లు తగ్గకపోవచ్చును. బిల్లులో యూనిట్ల వరుసను, సర్దుబాటు వరుసను వేరువేరుగా చదువవలెను. రెండు రీడింగుల తేదీల మధ్య ఎన్ని దినములున్నవో కూడ మొదట చూడవలెను.

ఇంటిలోని కారణములు

ఈ సీమలో వెనుకటి ఇండ్లకు చవుడు పోసిన మిద్దెలుండెడివి. ఆ మందమైన మట్టి పగటి వేడిని త్వరగా లోనికి రానిచ్చెడిది కాదు. నేటి పలుచని కాంక్రీటు కప్పు పగలెల్ల కాగి, రాత్రి ఆ వేడిని గదిలోనికి విడుచును. అందుచే పంకా తెల్లవార్లు తిరుగవలసినదే. 75 వాట్ల పంకా దినమునకు 20 గంటలు తిరిగినచో నెలకు 45 యూనిట్లు. 1500 వాట్ల చల్లదనపు యంత్రము, దాని కంప్రెసరు దినమునకు మొత్తము మీద 4 గంటలు నడిచినచో, నెలకు 180 యూనిట్లు తీసికొనును. పై లెక్కలో 120ని 300గా చేసినది ఇంతమాత్రమే. ఫ్రిజ్ కూడ లోపలి వేడిని గదిలోనికి తోడిపోయు పంపు వంటిది. గది వేడెక్కిన కొలది దాని పని పెరుగును. తలుపు రబ్బరు సడలినచో ఇంకను పెరుగును.

బోరు మోటారు సంగతి మరియొకటి. వెయ్యి లీటర్ల నీటిని 50 మీటర్లు ఎత్తుటకు 4,90,000 జౌళ్ళు కావలెను. 100 మీటర్లకు దానికి రెట్టింపు. మోటారు, పంపు కలిసి నూటికి 40 పాళ్ళు మాత్రమే పనిగా మార్చునవైనచో, మొదటిదానికి యూనిట్టులో మూడవ వంతునకు పైగా, రెండవదానికి మూడింట రెండు వంతులకు పైగా ఖర్చగును. నీరు లోతునకు పోయిన కొలది, అవే బిందెలు నిండినను బిల్లు పెరుగును.

మీటరును పరీక్షించుట

విద్యార్థులు తమ ఇంటనే ఈ పరీక్ష చేయవచ్చును. మొదట అన్ని స్విచ్చులను ఆపి, ఫ్రిజ్ మొదలగువాని ప్లగ్గులను కూడ తీయవలెను. కొంతసేపు మీటరులోని ఎఱ్ఱదీపమును గమనింపుడు. అయినను అది మినుకుచున్నచో ఎచటనో తీగనుండి విద్యుత్తు కారుచున్నదనియో, మీటరులో దోషమున్నదనియో అనుమానింపవలెను. అపుడు మీటరు దరినున్న మెయిన్ స్విచ్చిని ఆపుడు. మినుకు ఆగినచో దోషము ఇంటి తీగలలోనిది. లైసెన్సు గల పనివానిని పిలువవలెనే గాని, స్వయముగా తీగలను ముట్టరాదు.

తరువాత ఒక్క పరికరమునే నడిపి మినుకులను లెక్కింపుడు. మీటరుపై యూనిట్టుకు 3200 మినుకులని వ్రాసియున్న దనుకొందము. నిమిషమునకు 20 మినుకులు వచ్చినచో, గంటకు 1200. కావున ఆ పరికరము 375 వాట్లు తీసికొనుచున్నది. పరికరముపై వ్రాసిన వాట్లతో ఇది సుమారుగా సరిపోయినచో మీటరు సరియైనదే. రెండింటికి చాల భేదమున్నచో మీటరును పరీక్షింపుమని పంపిణీ కంపెనీకి వ్రాయవచ్చును. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము సరియైన మీటరు ద్వారానే సరఫరా జరుగవలెనని చెప్పుచు, వినియోగదారుల ఫిర్యాదులను వినుటకు వేదికలను, వానిపైన అంబుడ్స్‌మన్‌ను కూడ ఏర్పరచినది. అట్టి ఫిర్యాదునకు బలము చేకూర్చునది కోపము కాదు, తేదీలతో వ్రాసియుంచిన రీడింగులు.

ఉపాధ్యాయులు తరగతిలోని ప్రతి విద్యార్థిచేత ఒక నెల పాటు ప్రతి సాయంకాలము మీటరు అంకెను వ్రాయించినచో, ఆ పట్టిక నుండి గ్రాఫు గీయవచ్చును. ఏ దినమున వాడకము ఎగసినదో, ఏ పరికరము దానికి కారణమో పిల్లలే చెప్పగలరు. ఎడిసన్ కాలపు గృహస్థునకు ఈ అవకాశము లేదు. అతని జింకు పలకలను తూచినది కంపెనీ తక్కెడ. నేడు అంకె గోడమీదనే కనబడుచున్నది. దానిని దినమునకొకసారి చదువుటకు అర నిమిషము చాలును.