ఆడపిల్ల మాట – అందాల పోటీ

2025 మే నెలలో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పేపర్లు చదవడానికి వచ్చే మా బోటి పెన్షనర్ల మధ్య ఒకటే వాదన. మన ఊళ్లో ప్రపంచ సుందరి పోటీలు జరగడం గౌరవమా, కాదా అని. "ఆడపిల్లల్ని అంగడి బొమ్మల్ని చేస్తున్నారు" అని ఒకరు, "కాలం మారిందండీ" అని మరొకరు. ఎటూ తేలలేదు. అందుకని ఆ చరిత్రను ఒకసారి తిరగేద్దాం.

ఈ పోటీని 1951లో లండన్‌లో ఎరిక్ మోర్లే ప్రారంభించారు. మొదటి విజేత, స్వీడన్ యువతి కికి హాకన్సన్‌కు ఈత దుస్తుల్లోనే కిరీటం పెట్టారు. 1966లో బొంబాయి వైద్య విద్యార్థిని రీటా ఫారియా ప్రపంచ సుందరి అయింది. ఆ కిరీటం ఆసియాకు రావడం అదే మొదలు. తర్వాత ఆమె చదువు పూర్తి చేసి డాక్టరయింది.

విశ్వసుందరి, ప్రపంచ సుందరి వేర్వేరు పోటీలు. మనం కలిపేస్తుంటాం. 1994లో విశ్వసుందరి అయిన సుస్మితా సేన్, 1997లో ప్రపంచ సుందరి అయిన డయానా హేడెన్ ఇద్దరూ హైదరాబాదులో పుట్టినవారే. నడుమ 1996 నవంబరులో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీ జరిగినప్పుడు పెద్ద ఆందోళన లేచింది. ఈత దుస్తుల పోటీని సీషెల్స్ దీవులకు మార్చారు. 2015 నుంచి అసలు ఆ అంశమే తీసేశారు.

ఆ రోజుల్లో నేనూ వ్యతిరేకినే. ఆ వేడిలోనే, కాలేజీ వార్షికోత్సవంలో నాటకం వేస్తానన్న మా అమ్మాయిని కూడా వద్దన్నాను. ఎందుకు వేయాలనుకుంటున్నావని ఒక్క మాట అడగలేదు. తను ఇప్పటికీ మరచిపోలేదు.

2025 పోటీలు మే 10న గచ్చిబౌలిలో మొదలయ్యాయి. నూటికి పైగా దేశాల యువతులు చార్మినార్, చౌమహల్లా, పోచంపల్లి చూశారు. రామప్ప గుడి దగ్గర స్థానిక స్త్రీలు వారి కాళ్లు కడగడంపై విమర్శలు వచ్చాయి. ఇంగ్లండ్ యువతి మధ్యలోనే తప్పుకొని, తమను ఆటబొమ్మల్లా చూశారని ఆరోపించింది. నిర్వాహకులు కాదన్నారు. మన దేశం తరఫున వచ్చిన నందినీ గుప్తా చివరి ఇరవై మందిలో నిలిచింది. మే 31న హైటెక్స్‌లో థాయిలాండ్ యువతి ఓపల్ సుచాతకు కిరీటం దక్కింది. ఆ దేశానికి ఇదే మొదటి ప్రపంచ సుందరి కిరీటం. పదహారో ఏట రొమ్ములో గడ్డకు శస్త్రచికిత్స చేయించుకున్న ఆమె, అప్పటినుంచి రొమ్ము క్యాన్సర్ గురించి స్త్రీలకు చెబుతూ వస్తోంది.

ఒకరు కాదని వెళ్లిపోయారు, ఒకరు గెలిచి నిలిచారు. ఇద్దరూ తమ మాట తాము చెప్పినవారే. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేరిట ఉన్న బాలికల పాఠశాల 1928లో మొదలైంది. ఉర్దూ రాజ్యమేలిన నిజాం కాలంలో తెలుగు ఆడపిల్లకు తన భాషలో చదువు చెప్పిన బడి అది. చదువు చెప్పించేది ఆమె నోరు విప్పాలనే కదా? అలాంటప్పుడు వేదిక ఎక్కుతానన్నా, ఎక్కనన్నా ముందు ఆమె మాట వినాలి.

గ్రంథాలయంలో వాదన ఇంకా సాగుతూనే ఉంది. నేను మాత్రం మొన్న మా మనవరాలు డ్యాన్సు పోటీకి వెళతానంటే, కూర్చోబెట్టి ముందు ఎందుకని అడిగాను. అరగంట చెప్పింది. పక్కనే మా అమ్మాయి నవ్వుతూ వింటూ కూర్చుంది.