మీటరు తప్పా, కొలబద్ద తప్పా?
కోఠీలో కొన్న నా చౌక మల్టీమీటరు కొత్త బ్యాటరీని 9.4 వోల్టులంటే, ల్యాబ్ మీటరు 9.6 అంది. సరే, విప్పి చూశా.

1950లలో ఆండ్రూ కే డిజిటల్ వోల్ట్‌మీటరు తెచ్చినప్పుడు అది పెద్ద పెట్టె. 1970ల చివర్లో ఇంటర్‌సిల్ 7106 దాన్ని ఒక్క చిప్‌లోకి దించేసింది. చాలా చౌక మీటర్లు దాని సంతానమే. అది చేసేదల్లా వచ్చిన వోల్టేజిని 100 మిల్లీవోల్టుల రిఫరెన్సుతో పోల్చడం. రిఫరెన్సు 2 శాతం పెరిగితే రీడింగు 2 శాతం తగ్గుద్ది!

ఒకప్పుడు ల్యాబుల్లో ఆ కొలబద్ద 1893 నాటి వెస్టన్ సెల్. 1971లో విడ్లార్ బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సు వచ్చాక చిన్న చిప్పే చాలు. నేనూ అలాంటిదొకటి, మల్టీటర్న్ ప్రీసెట్‌తో సహా అతికించి, ల్యాబ్ మీటరుతో సరిచేశా. అంకెలు పెరగలేదు గానీ, ఇప్పుడు రెండు మీటర్లదీ ఒకే మాట.

లాజిక్ మొదట్నుంచీ కరెక్టే, కాన్‌స్టెంటే తప్పు. మన కోడ్‌లో ఇలాంటివి ఎన్నున్నాయో!