పలక మీద సీస పద్యం

మార్కాపురం అనగానే అందరికీ పలక గుర్తొస్తుంది. నాకు ఆ పలకను చంకన పెట్టుకుని బడికి నడిచొచ్చే మా తెలుగయ్యవారు గుర్తొస్తారు. పదో తరగతి పిల్లల చేత కూడా పలకా బలపం పట్టించిన మనిషి ఆయన.

మా ఊరి చుట్టుపక్కల గనుల్లో రాయి తీసి, ఉలితో పొరలు పొరలుగా విడగొట్టి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించి దేశమంతా పంపేవాళ్ళు. ఆ పనివాళ్ళ పిల్లలం మేమంతా. "ఊరూరికీ ఓనమాలు దిద్దించిన ఊరు మనది. మనమే పలక వదిలేస్తే ఎట్లారా?" అనేవారు అయ్యవారు. పద్యం పలక మీద రాయాలి. గణాలు విడగొట్టాలి. యతి దగ్గర సున్న చుట్టాలి. ఆయన చూసిన తర్వాత తుడిచేసి, అదే పద్యం అప్పజెప్పాలి. "పుస్తకంలో ఉన్నది పుస్తకానిది. తుడిచినాక మిగిలిందే నీది" అనేవారు.

హాజరు పట్టీలో మా పేర్లు ఏమున్నా, ఆయన నోట మావి ఛందస్సు పేర్లు. నడకను బట్టి పేరు పెట్టేవారు. గంతులేస్తూ వచ్చేవాడు ఆటవెలది. నింపాదిగా అడుగేసే పొడుగాటి వాడు సీసం. వాడి వెంటే తిరిగేవాణ్ణి కాబట్టి నేను తేటగీతి. సీస పద్యం కింద తేటగీతో ఆటవెలదో ఉండి తీరాలన్నది మేం పుస్తకంలో చదవలేదు, ఒకే బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాం.

అప్పటికి మా తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఎన్నో ఏళ్ళు కాలేదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కర్నూలుకు మేం తూర్పు మూల, ఒంగోలుకు పడమటి మూల. ఎటు చూసినా మూలే. వానలు తక్కువ, బావి నీళ్ళలో ఫ్లోరైడు. కవిత్వం గోదావరి గట్టునో కృష్ణ ఒడ్డునో పుట్టేదిగానీ మా మెట్ట నేలలో మొలిచేది కాదని మా నమ్మకం. అయ్యవారు ఏళ్ళ తరబడి పోరాడింది ఆ నమ్మకంతోనే. అందుకు ఆయనకు తోడు నిలిచింది మా గుండ్లకమ్మ ఏరు.

ఒక ఆదివారం మమ్మల్ని మీటర్ గేజి బండెక్కించి కంభం తీసుకుపోయారు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కొండల సందులోంచి బయటికొచ్చే చోట కట్ట వేసి ఆపిన చెరువు అది. కట్ట ఎత్తు 57 అడుగులు, ఆయకట్టు పదివేల ఎకరాల పైమాట. శ్రీకృష్ణదేవరాయలు పెళ్ళాడిన గజపతుల ఆడపడుచు కట్టించిందని ఊరి కథ. వరదరాజమ్మ అని కొందరు, తుక్కాదేవి అని కొందరు అంటారు. రాయలు దూరంగా ఉంచితే ఇక్కడే కాలం గడిపిందనీ, సంస్కృతంలో 'తుక్కా పంచకం' అనే అయిదు శ్లోకాలు ఆమెవేననీ చెబుతారు. కట్ట మీద నిలబడి అయ్యవారు ఆ శ్లోకాలు చదివారు. వనమంతా తిరిగే తుమ్మెద సంపెంగ మొగ్గ వైపు రాలేదన్న చోట గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. కాసేపటికి నీళ్ళ వైపు చెయ్యి చూపించి, "ఏడ్చి ఊరుకోలేదు నాయనా ఆమె. ఇంతమందికి అన్నం పెట్టింది" అన్నారు. 2020లో ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారన్న వార్త చదివినప్పుడు నాకు ఆ గొంతే వినిపించింది.

మరోసారి తెల్లవారకముందే మమ్మల్ని ఏటి ఇసుకలో కూర్చోబెట్టారు. ఆ రోజు పాఠం ఎర్రన. నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోయాడు. తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. నన్నయ ఆగిపోయి రెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక, పద్నాలుగో శతాబ్దంలో, ఎర్రన ఆ శరత్తునే తెల్లవారజేసి భారతాన్ని పూర్తి చేశాడు. తన భాగాన్ని కూడా రాజరాజనరేంద్రుడికే అంకితమన్నట్టుగా రాశాడు. ఆయన్ను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. ఆ అద్దంకి ఈ గుండ్లకమ్మ ఒడ్డునే ఉంది. తూరుపు ఎర్రబడే దాకా అయ్యవారు నోరు విప్పలేదు. వెలుగొచ్చాక, "మనూరు దాటిన నీళ్ళే ఎర్రన వాకిట్లోకి పోయినాయి. ఇంక మూల ఎక్కడుందిరా?" అని అడిగారు.

శివరాత్రి ముందు శ్రీశైలం పోయే భక్తులు దోర్నాల దారి పడితే, పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర' చేతపట్టుకుని ఆయనా వాళ్ళతో కొంతదూరం నడిచేవారు. ద్విపదలో ఉన్న శ్రీశైల యాత్ర ఘట్టాలు గొంతెత్తి చదువుతుంటే, చదువురాని ముసలమ్మలు ఆగి దణ్ణం పెట్టేవాళ్ళు. చూసినవాళ్ళు పిచ్చి పంతులన్నారు. పరీక్షకు పనికొచ్చేది చెప్పరని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. కానీ ఆయన పిల్లలెవరూ తెలుగులో తప్పలేదు.

తర్వాత నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకకు గిరాకీ పడిపోయింది. పలకల పనిలో ఉన్న మా సీసం చట్రాలు బిగించే చేతులతో బెంగళూరుకు కూలి పనికి వెళ్ళాడు. గుండ్లకమ్మ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపిస్తోంది. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణ నీళ్ళొస్తాయని మా పడమటి పల్లెలు ఎన్నేళ్ళుగానో కనిపెట్టుకుని ఉన్నాయి.

అయ్యవారు పోయిన చాలా ఏళ్ళకు, మంచి వానలు పడి కంభం చెరువు అలుగు పారిందని తెలిసి సీసమూ నేనూ వెళ్ళాం. ఆనాడు ఆయన నిలబడిన చోటు వెతుక్కుని కట్ట మీద కూర్చున్నాం. ఎన్నడో పలక మీద తుడిచేసిన పద్యాన్ని వాడు ఎత్తుకున్నాడు. సీసం నాలుగు పాదాలూ తడబడకుండా చెప్పి నా వైపు చూశాడు. కింది తేటగీతి నేను అందుకున్నాను.