రెండో తాళంచెవి

పప్పన్‌కలాన్ పేరుతో ఢిల్లీ అభివృద్ధి సంస్థ తలపెట్టిన ఉపనగరమే నేటి ద్వారక. అక్కడ ఫ్లాటు అద్దెకిచ్చి, రెండో తాళంచెవిని తన వద్దే ఉంచుకునే యజమానికి చట్టం ఏ మేరకు తోడుంటుంది?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె చెల్లిస్తూ షరతులు పాటించే అద్దెదారు ఇంటిని నిరాటంకంగా అనుభవించవచ్చు. అయితే ఇంటి స్థితిని పరిశీలించేందుకు యజమానిని ‘సమంజసమైన వేళల్లో’ లోనికి రానివ్వాలి. ఏ వేళ సమంజసమో ఆ చట్టం చెప్పలేదు. పైగా ఒప్పందంలో వేరుగా రాసుకుంటే అదే చెల్లుతుంది; ఆ ఒప్పందాన్ని రాయించేది సాధారణంగా యజమానే.

1939లో యుద్ధకాలపు ఉత్తర్వుతో మొదలైన ఢిల్లీ అద్దె నియంత్రణ 1958 చట్టంతో స్థిరపడింది. 1988 సవరణ నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలను దాని పరిధి నుంచి తప్పించింది. ఆ మొత్తానికి నేడు ద్వారకలో ఫ్లాటు దొరకదు గనుక, అక్కడి అద్దెదారు మళ్లీ 1882కే చేరాడు. 1995లో పార్లమెంటు చేసిన కొత్త చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించినా, వ్యాపారుల నిరసనకు జంకిన ప్రభుత్వాలు దాన్ని అమలులోకి తేలేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాత్రం గడియారం చూసింది. 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. రోజు, వేళ, కారణం అందులో ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత ప్రవేశం లేదు. అగ్నిప్రమాదం, వరద వంటివి మినహాయింపు. రాష్ట్రాలకు ఈ నమూనాను పంపిన కేంద్రం, తన గుమ్మంలోని నగరానికి 1958 చట్టాన్నే మిగిల్చింది.