పెరిగిన జీతం, తరిగిన మిగులు

"మాస్టారూ, జీతం లక్ష పెరిగింది, చేతికి వచ్చేది నాలుగు వేలు తగ్గింది. లెక్క తప్పా, లోకం తప్పా?" అని హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో అడిగాడు. వాడికి నేను నేర్పినవి సంధులూ సమాసాలే గాని పన్నుల లెక్కలు కావు. అయినా అడిగిన ప్రశ్నకు బదులు చెప్పకుండా ఉండటం ఉపాధ్యాయ ధర్మం కాదు గనుక పాత చట్టాలూ కొత్త చట్టాలూ తిరగవేశాను. వాడి సందేహం ఈనాటిది కాదనీ, దాని వయస్సు నూరేళ్ళకు పైబడినదనీ తేలింది.

మన దేశంలో ఆదాయపు పన్నుకు ఆద్యుడు జేమ్స్ విల్సన్. 1857 తిరుగుబాటుతో వట్టిపోయిన ఖజానాను నింపడానికి వచ్చిన ఆర్థిక సభ్యుడాయన. 1860 ఫిబ్రవరి 18న తన ప్రణాళిక ప్రకటించాడు. ఏటా 200 నుండి 500 రూపాయల లోపు ఆదాయం మీద నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు. దీనిని బహిరంగంగా ఎదిరించినవాడు మరెవరో కాదు, మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియనే! మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆయన ఏలుబడిలోనివే. ఆ ధిక్కారానికి ఆయనను పదవి నుండి వెనక్కు పిలిపించారు. విల్సన్ కూడా ఆ ఏడాది ఆగస్టులోనే కలకత్తాలో కన్నుమూశాడు. పన్ను మాత్రం 1865 వరకు సాగి, ఆగి, రూపాలు మార్చుకొని, 1886 చట్టంతో స్థిరపడిపోయింది.

ఇక మనవాడి ప్రశ్నకు మూలం 1922 నాటి పద్ధతిలో ఉంది. అప్పటిది మెట్ల పద్ధతి. ఆదాయం ఏ మెట్టు మీద నిలిస్తే, ఆ మెట్టు రేటు మొత్తం ఆదాయానికీ వర్తించేది. పదివేల నుండి ఇరవై వేల లోపు ఆదాయానికి రూపాయికి 9 దమ్మిడీలు, ఇరవై వేలకు చేరితే రూపాయికి అణా, అంటే 12 దమ్మిడీలు. రూపాయికి 192 దమ్మిడీలు గనుక, 19,999 రూపాయలు గడించినవాని పన్ను సుమారు 937 రూపాయలు. ఇంకొక్క రూపాయి గడిస్తే అది 1,250! ఒక్క రూపాయి లాభానికి 313 రూపాయల శిక్ష. ఈ అన్యాయం శాసనకర్తలకు తెలియకపోలేదు. హద్దు దాటినందువల్ల పెరిగే పన్ను, హద్దు దాటిన ఆదాయాన్ని మించరాదని ఆ చట్టంలోనే ఒక ఊరట కల్పించారు. అంటే నష్టం తప్పింది గాని, హద్దు దాటిన తొలి మూడు వందల పైచిలుకు రూపాయలూ పన్నుకే సమర్పణం.

1936 విచారణ నివేదిక సూచనపై 1939లో చట్టాన్ని సవరించి శ్రేణుల పద్ధతి, అనగా స్లాబులు, ప్రవేశపెట్టారు. పొలంలో మొదటి మడి నిండిన తరువాతనే నీరు రెండవ మడికి పారుతుంది. రెండవ మడి ఎంత లోతైనదైనా మొదటి మడి నీటికి లోటు రాదు. స్లాబు కూడా అంతే. పై రేటు పై భాగానికే వర్తిస్తుంది.

ఈ భేదం తెలియకనే 1970ల మాటను నేటికీ తప్పుగా చెప్పుకుంటారు. 1973-74 నాటికి గరిష్ఠ రేటు, సర్‌ఛార్జితో కలిపి, 97.75 శాతం. రెండు లక్షలు దాటిన ప్రతి నూరు రూపాయలలో మిగిలేది రెండుంబావు రూపాయి మాత్రమే. ఆ రేటు మొత్తం జీతానికి కాదు, ఆ పై భాగానికే. అయినా అంత చిన్న మిగులు కోసం జీతం పెంచమని ఎవరడుగుతారు? పెద్ద ఉద్యోగులు జీతానికి బదులు బంగళా, కారు కోరుకున్నారు. తక్కినవారిలో ఎందరో ఆదాయాన్ని దాచుకున్నారు. పన్ను ఎగవేతకు అతి హెచ్చు రేట్లే ముఖ్య కారణమని వాంఛూ కమిటీ 1971లో తేల్చి చెప్పింది. 1974లో గరిష్ఠం 77కు దిగింది. 1985లో 50కి, 1997లో 30కి తగ్గింది.

ఇక నేటి లెక్క. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో మనవాడి పాత జీతం 50,75,000. ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా పన్ను లెక్కకు వచ్చేది 50 లక్షలు. మొదటి 24 లక్షల మీద 3 లక్షలు, మిగిలిన 26 లక్షల మీద నూటికి ముప్పై చొప్పున 7,80,000, వెరసి 10,80,000. దానిపై నాలుగు శాతం సెస్సు 43,200. మొత్తం 11,23,200 పోగా, భవిష్యనిధి, వృత్తి పన్ను లెక్కలోకి తీసుకోకుండా, మిగులు 39,51,800. గరిష్ఠ రేటు ముప్పై అయినా మొత్తం జీతంలో పోయింది ఇరవై రెండు శాతమే.

జీతం లక్ష పెరిగింది. 50 లక్షలు దాటగానే పన్ను మొత్తం మీద పదిశాతం సర్‌ఛార్జి! శ్రేణుల నడుమ పాత మెట్టు మళ్ళీ తలెత్తింది. దానితోపాటు 1922 నాటి ఊరట కూడా కొత్త చొక్కా తొడుక్కొని వచ్చింది. పెరిగిన లక్షకు మించి పన్ను, సర్‌ఛార్జి పెరగరాదు. సరే, 11,80,000. కాని సెస్సు ఈ ఊరటకు లోబడదు. అది పెరిగిన లక్ష మీద కూడా నాలుగు వేలు అదనంగా పుచ్చుకుంటుంది. మొత్తం 12,27,200. మిగులు 39,47,800. వాడి లెక్క దమ్మిడీ తప్పు లేదు.

"నాయనా, పెరుగుదల 1,71,000 దాటే దాకా ఈ మెట్టు మీద నీకు మిగిలేది నష్టమే. దాటితే ఆపైన ప్రతి నూటికి అరవై అయిదు చిల్లర నీది" అని చెప్పాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

నాలుగు వేలతో వాడికి వచ్చే లోటు లేదు. లోటు పద్ధతిలో ఉంది. 1922లో దమ్మిడీలతో లెక్క వేసినవారు గుర్తించి సరిదిద్దిన దోషం, కంప్యూటర్లతో లెక్క వేసే మన కాలంలో సెస్సు అనే చిన్న కంతలోంచి మళ్ళీ దూరింది. ఆ ఊరటను సెస్సుకూ వర్తింపజేస్తే చాలు, కంత పూడుతుంది. ఒక వాక్యం సవరణ. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి, ఒక్క ప్రత్యయం లోపిస్తే అర్థం ఎలా తారుమారవుతుందో నాకు తెలుసు.